మూరెడు గోడ, రెండు డబ్బాలు

మా అత్తమ్మ తీగ తట్టుకుని పడబోయిన రోజు దాకా వైఫై ఇంటి లోపలికి అందడం లేదన్న సంగతి మా ఇంట్లో ఎవరికీ పట్టలేదు. 2023 మే నెల, మిట్టమధ్యాహ్నం. ఉలవపాడు నుంచి తెచ్చిన మామిడిపండ్ల బుట్ట నడవలో ఒక పక్క. వీధి గదిలోంచి మెట్ల దాకా నేల మీద పాకుతున్న పసుపు రంగు నెట్ కేబుల్ ఇంకో పక్క. పండు తీసుకుందామని వచ్చిన ఆమెకి కాలి వేలు కేబుల్‌లో ఇరుక్కుంది. గోడ పట్టుకుని ఎలాగో నిలదొక్కుకుంది. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి, పడి ఉంటే ఏమయ్యేదో తలచుకోవడానికే భయం.

"ఏందమ్మా ఇది, నట్టింట్లో పాము మాదిరి? అందరిళ్ళలో ఇంటర్నెట్టు గాల్లో వస్తదంట, మనింట్లో నేల మీద పాకతా వస్తండాదే?" అంది.

నవ్వొచ్చింది. కానీ ఆమె అన్నదాంట్లో తప్పేముంది?

మాది కందుకూరు. వీధి వైపు గదిలో డీటీపీ, జిరాక్స్ షాపు నడుపుతాను. శుభలేఖలు, స్కూలు పిల్లల ప్రాజెక్టులు, మీభూమి సైట్‌లోంచి అడంగల్, 1బీ కాపీలు, హాల్ టికెట్లు. పొగాకు వేలం జరిగే నెలల్లో రైతులు బ్యాంకు పాస్‌బుక్కులు పట్టుకుని జిరాక్స్‌లకి వస్తారు. 2022 ఏప్రిల్‌లో మా ఊరిని ప్రకాశం నుంచి తీసి నెల్లూరు జిల్లాలో కలిపినప్పుడు నా కంప్యూటర్‌లో ఉన్న అఫిడవిట్ నమూనాలన్నిటిలో జిల్లా పేరు మార్చడానికి రెండు రోజులు పట్టింది. అయినా ఒకదాంట్లో మర్చిపోయాను. దాని మీద సంతకం పెట్టి వెళ్ళినాయన మూడో రోజున తిరిగొచ్చి నన్ను చూసిన చూపు ఇంకా గుర్తుంది.

ఇల్లు పాతది. రాయీ సున్నమూ పెట్టి కట్టిన ఇల్లు, నడిమి గోడ మూరెడు మందం. ఎండాకాలం ఆ గోడకి వీపు ఆనిస్తే చల్లగా ఉంటుంది, అందుకని దాన్ని కొట్టేయాలనే ఆలోచన ఎప్పుడూ రాలేదు. డాబా మీద రెండు గదులు మేం తర్వాత వేసుకున్నవి. ఒక దాంట్లో మా పెద్దమ్మాయి బెంగళూరు కంపెనీకి ఇంటినుంచే పని చేస్తుంది. రెండోది చిన్నోడిది, ఇంజనీరింగ్ రెండో ఏడు. కింద షాపులో నాకు రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటరు. ఇవి కాక ఇంట్లో ఐదు ఫోన్లు, ఒక టీవీ.

ఇంత మందికీ నెట్ వచ్చేది ఒకే ఒక్క తెల్ల డబ్బాలోంచి. ఫైబర్ తీగ స్తంభం మీది నుంచి షాపు కిటికీ పక్కన బెజ్జంలోంచి లోపలికి వస్తుంది. కేబుల్ అబ్బాయి వచ్చిన రోజున బెజ్జం దగ్గర్లో ఒక మేకు కనిపించింది, డబ్బాని దానికే తగిలించి వెళ్ళిపోయాడు. ఆ మేకు ఎక్కడుందంటే, నా ఇనప బీరువా వెనక. బీరువా అవతల నడిమి గోడ. గోడ అవతల ఇల్లు. ఇక వైఫై పైగదికి ఎట్టా పోతుంది? పోలేదనే ఇరవై మీటర్ల పసుపు కేబుల్ ఇచ్చాడు. అది ఒకటే కాబట్టి, పగలు అక్కకి, రాత్రి తమ్ముడికి. మీటింగ్ పొడుగైతే గొడవ.

ఇట్టాంటి ఇబ్బంది మాకు కొత్తేం కాదు. పదిహేనేళ్ళ కింద టెలిఫోన్ తీగ మీద బ్రాడ్‌బ్యాండ్ పెట్టించుకున్నప్పుడూ ఇంతే. మోడెమ్‌కి ఒకటే సాకెట్టు, కంప్యూటర్ కూడా ఒకటే, కాబట్టి పంచుకోవడం అనే మాటే రాలేదు. ఫోనూ నెట్టూ ఒకే తీగలో వచ్చేవి కాబట్టి మధ్యలో స్ప్లిటర్ అని చిన్న డబ్బీ ఉండేది. అది తీసేస్తే ఫోన్‌లో గరగర. నెట్ ఆగితే స్ప్లిటర్ని రెండు తట్టడం, అంతవరకే నా విద్య.

తీగ తట్టుకున్న సాయంత్రమే కేబుల్ ఆఫీసుకి ఫోన్ చేశాను. అడిగింది వినకముందే, "ప్లాన్ పెంచుకోండక్కా, 100 ఎంబీ వేసుకుంటే ఇల్లంతా వస్తది" అన్నారు. చిన్నోడు మాత్రం ముందు కొలుద్దాం అన్నాడు. మాది 50 ఎంబీపీఎస్ ప్లాన్. ల్యాప్‌టాప్‌ని డబ్బాకి వైరుతో తగిలించి చూస్తే 48 వచ్చింది. వైరు తీసి, అదే ల్యాప్‌టాప్ పైగదిలో పెట్టి వైఫైతో చూస్తే 2. రెండంటే రెండే.

అంటే వీధిలోంచి మా ఇంట్లోకి నెట్ బాగానే వస్తుంది. మా ఇంట్లోంచి మా ఇంట్లోకే రావడం లేదు. నెలకి ఇంకో మూడొందలు ఎక్కువ కట్టినా ఆ బీరువా, ఆ గోడ ఎక్కడికీ పోవు. ఇంకో మాట, ప్లాన్‌లో రాసే 50 అంటే సెకనుకి 50 మెగాబిట్లు. ఫైలు సైజు చెప్పేది మెగాబైట్లలో. ఎనిమిది బిట్లు ఒక బైటు. కాబట్టి 50 ప్లాన్‌లో సెకనుకి ఆరు మెగాబైట్లు దిగితే అది మోసం కాదు, లెక్క సరిగ్గానే ఉన్నట్టు. నా షాపుకొచ్చే సగం మందికి ఇది చెప్పి చెప్పి నోరు నొప్పి.

గోడకి ఇవతల ఇంకో వైఫై డబ్బా పెట్టాలనుకున్నాం. నెట్‌ని ఇంట్లో అందరికీ పంచే అట్టాంటి డబ్బాని రౌటర్ అంటారు. అది కొనే పని మా ఆయనకి అప్పజెప్పాను. ఆయన ఆర్టీసీలో కండక్టర్, వారానికి నాలుగు రోజులు ఒంగోలు డ్యూటీ. ట్రంక్ రోడ్డులో దిగి, షాపులో ఉన్న డబ్బాలన్నిటిలో నాలుగు కొమ్ములు (యాంటెన్నాలు) ఉన్నదాన్ని ఎంచుకుని తెచ్చారు. "రెండు కొమ్ములదానికంటే నాలుగు కొమ్ములది గట్టిది గదా" అని వాదన. ఒంగోలు గిత్తని కొన్నట్టే ఉంది. అట్ట మీద పెద్ద అక్షరాలతో 1200 అని ఉంది. పన్నెండొందల స్పీడంటే మాటలా అని ఆయన మురిసిపోయారు. చిన్నోడు అట్ట వెనక సన్న అక్షరాలు చదివి గాలి తీసేశాడు. వైఫై రెండు బ్యాండ్ల మీద, అంటే గాల్లో రెండు దారుల్లో, పోతుంది. 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో 300, 5 గిగాహెర్ట్జ్‌లో 867, రెండూ కూడి కాస్త పైకి లాగితే 1200. ఒక ఫోను ఒకసారికి ఒక బ్యాండ్‌లోనే ఉంటుంది కాబట్టి ఆ కూడిక ఎవరికీ అక్కరకు రాదు. పైగా దాని వెనక వైరు సాకెట్లు 100 దాటవు. మా 50 ప్లాన్‌కి చాలు గానీ, రేపు 200 ప్లాన్ వేయించుకున్నా ఆ సాకెట్‌లోంచి వందే పారుతుంది. కొనేముందు చూడాల్సింది అదీ. కొమ్ములు తర్వాత లెక్కపెట్టుకోవచ్చు.

తగిలించడం చూస్తే ఏమీ లేదు. కేబుల్ వాళ్ళ డబ్బాలోంచి వచ్చిన వైరుని కొత్త రౌటర్‌లో నీలం సాకెట్‌కి పెట్టాలి. దాని పక్కన వ్యాన్ అని రాసుంటుంది, బండి కాదు, బయటి నెట్‌వర్క్ అని అర్థం. మిగతా నాలుగూ ల్యాన్, అంటే ఇంట్లోవి. పెట్టాం. లైట్లన్నీ వెలిగాయి. ఫోన్‌లో కొత్త పేరు కనిపించింది. గుర్తు నిండుగా ఐదు గీతలు. నెట్ మాత్రం సున్నా.

అక్కడ నుంచి మూడు గంటలు. బ్రౌజర్‌లో 192.168.1.1 కొడితే ఒకసారి కొత్త రౌటర్ పేజీ వస్తుంది, వైరు మార్చి కొడితే కేబుల్ డబ్బా పేజీ వస్తుంది. ఆపి వేశాం. సూదితో రీసెట్ బెజ్జం నొక్కాం, నొక్కి పది సెకన్లు లెక్కపెట్టాం. చిన్నోడు వీడియోలు చూశాడు. పెద్దమ్మాయి పైనుంచి "నాకు రేపు పొద్దున తొమ్మిదింటికి కాల్ ఉంది" అని మూడుసార్లు చెప్పింది. నాకు టెన్షన్ ఎక్కువైతే ఆకలేస్తుంది. బుట్టలో మామిడిపండ్లు నాలుగు తగ్గాయి.

చివరికి మా మరిదికి వీడియో కాల్. ఒంగోలులో కంప్యూటర్ రిపేర్లు చేస్తాడు. రెండు డబ్బాల వెనక అంటించిన కాగితాలు చూపించమన్నాడు. చూసి ఒకటే నవ్వు.

"వదినా, రెంటికీ ఒకటే అడ్రస్ ఉంది. రెండూ 192.168.1.1 అంటన్నాయి. ఒక ఒరలో రెండు కత్తులు ఎట్టా ఇముడుతాయి?"

అప్పుడు గానీ తెలియలేదు, కేబుల్ వాళ్ళు పెట్టిన తెల్ల డబ్బాని మేం మోడెమ్ అని పిలుస్తున్నాం గానీ అదీ ఒక రౌటరే. ఫైబర్‌లో వచ్చే వెలుతురుని మామూలు నెట్‌గా మార్చడమే కాదు, ఇంట్లో ప్రతి ఫోనుకీ కంప్యూటర్‌కీ ఒక నంబరు పంచిపెట్టే పని కూడా దానిదే. ఆ పంపకాన్ని డీహెచ్‌సీపీ అంటారు. డోర్ నంబర్లు వేయడం అనుకోండి. కొత్తగా తెచ్చిందానికీ అదే అలవాటు. ఒక వీధికి రెండు మునిసిపాలిటీలు వచ్చి అవే డోర్ నంబర్లు వేసిపోతే పోస్ట్‌మ్యాన్ గతి ఏమవుతుందో మా నెట్ గతి అదే అయింది. కొత్త రౌటర్‌కి బయటా 192.168.1, లోపలా 192.168.1. ఏది ఇల్లో ఏది వీధో దానికే తెలియదు. కొన్ని రౌటర్లు ఈ తకరారుని తామే కనిపెట్టి లోపలి అడ్రస్ మార్చుకుంటాయట. మా ఆయన ఎంచిన నాలుగు కొమ్ములదానికి ఆ తెలివి లేదు.

మరిది చెప్పినట్టు కొత్త రౌటర్ లోపలి అడ్రస్‌ని 192.168.2.1 చేశాం. నెట్ వచ్చేసింది. అందరం చప్పట్లు. రాత్రి పదకొండున్నరకి అన్నాలు తిన్నాం.

కథ అక్కడితో అయిపోయిందనుకున్నాను. మర్నాడు శుభలేఖ పనొకటి వచ్చింది. నా శుభలేఖలకి బొమ్మలు వేసిచ్చేది పెద్దమ్మాయే, అవి పైన తన కంప్యూటర్‌లో ఒక ఫోల్డర్‌లో ఉంటాయి. పసుపు కేబుల్ రోజుల్లో షాపులోంచి ఆ ఫోల్డర్ తెరిచి తీసుకునేదాన్ని. ఇప్పుడు తెరిస్తే అసలా కంప్యూటరే లేదంటుంది. దానికేమో నా ప్రింటర్ కనిపించడం లేదు. ఇద్దరికీ నెట్ ఉంది, ఒకరికొకరం లేము. పెన్‌డ్రైవ్ పట్టుకుని మెట్లెక్కాను. యాభై దాటిన మోకాళ్ళకి ఇంటర్నెట్ ఇచ్చిన బహుమానం.

కారణం మళ్ళీ అదే, రెండు రౌటర్లు. అడ్రస్‌లు వేరు చేయడంతో గొడవ ఆగింది గానీ ఇల్లు రెండు కాపురాలైంది. కింద షాపు ఒక నెట్‌వర్క్, పైన ఇంకో నెట్‌వర్క్. పైనుంచి కిందికి ఐపీ నంబరు, అంటే ఆ 192తో మొదలయ్యే అడ్రస్, కొట్టి ఎలాగో దిగొచ్చు గానీ, కిందనుంచి పైకి దారి లేదు. రౌటర్ అనేది తన వెనక ఉన్నవాళ్ళని బయటివాళ్ళకి కనబడనివ్వదు. బయటి ప్రపంచం దగ్గర అది మంచి గుణమే. తల్లీ కూతుళ్ళ మధ్య పెట్టుకుంటే మాత్రం ఇట్టా ఉంటుంది.

ఇంట్లో కంప్యూటర్లు ఒకదానికొకటి కనిపించాలంటే రౌటర్ పని ఒక్కటే చేయాలి, రెండోది ఊరికే వైఫై వదిలే డబ్బాగా ఉండిపోవాలి. యాక్సెస్ పాయింట్ అంటారు. కొన్నిట్లో సెట్టింగ్స్‌లో ఆ పేరుతోనే ఒక మోడ్ ఉంటుంది, నొక్కితే చాలు. మాదాంట్లో లేదు కాబట్టి చేత్తో చేశాం. ముందు ల్యాప్‌టాప్‌ని కొత్త రౌటర్‌కి మాత్రమే వైరుతో తగిలించి, దాని అడ్రస్‌ని 192.168.1.2 చేశాం. ఆ నంబరు ఇంకెవరికీ ఇవ్వకుండా ఉండాలని, కేబుల్ డబ్బా పంచే నంబర్లు 100 నుంచి మొదలయ్యేలా ఉన్నాయో లేదో కూడా చూసుకున్నాం. తర్వాత కొత్తదాంట్లో డీహెచ్‌సీపీ ఆపేశాం. ఈ వరస ముఖ్యం, ముందే డీహెచ్‌సీపీ ఆపితే మళ్ళీ దాని పేజీలోకి పోవడానికి తంటాలు పడాలి. ఆఖరున కేబుల్ డబ్బాలోంచి వచ్చే వైరుని నీలం సాకెట్‌లోంచి తీసి మామూలు ల్యాన్ సాకెట్‌కి పెట్టాం. నీలం సాకెట్ ఖాళీ. షాపులో అటెండర్‌ని పెట్టుకుని తాళాలు మన దగ్గరే ఉంచుకున్నట్టు.

అంతే, ఫోల్డర్ తెరుచుకుంది. కాసేపటికి పైన ప్రింట్ నొక్కితే కింద ప్రింటర్ గరగరమంది. విండోస్‌లో నెట్‌వర్క్ పబ్లిక్ అని ఉంటే ఫైళ్ళు పంచుకోనివ్వదు, ప్రైవేట్ అని మార్చాలి. అదొక్కటి మర్చిపోయి అరగంట వెతికాం.

ఇక తీగ సంగతి. రెండు డబ్బాల మధ్య వైరు తప్పదు. నేల మీద పాకనివ్వకూడదని అత్తమ్మకి మాటిచ్చాం కదా. మేస్త్రీని పిలిచి నడిమి గోడకి పైన, దూలం పక్కన బెజ్జం వేయించాం. పొడవు బరమా లేక రెండు వైపుల నుంచీ తొలిచాడు. రాయి తగిలి ఒకసారి, సున్నం రాలి ఒకసారి, మొత్తం పూట పట్టింది. కొత్తగా క్యాట్ 6 అనే రకం నెట్ కేబుల్ పాతిక మీటర్లు తెచ్చాం. రెండు చివరలా ప్లగ్గులు బిగించే పని చిన్నోడిది, వాళ్ళ కాలేజీ స్నేహితుడి దగ్గర ప్లగ్గు నొక్కి బిగించే క్రింపింగ్ టూలు, లైట్ల టెస్టరు అరువు తెచ్చాడు.

కేబుల్ లోపల ఎనిమిది సన్న తీగలు, నాలుగు జంటలు. నారింజ, ఆకుపచ్చ, నీలం, గోధుమ, ప్రతిదానికీ తోడుగా తెల్ల చారది. జంటలోని రెండూ ఒకదానికొకటి మెలేసుకుని ఉంటాయి. వాడు నీటుగా జంటలు జంటలుగా పేర్చాడు. నారింజ రెండూ, ఆకుపచ్చ రెండూ, నీలం రెండూ, గోధుమ రెండూ. రెండు చివరలా అదే వరస. టెస్టర్ పెడితే ఒకటి నుంచి ఎనిమిది దాకా లైట్లు వరసగా వెలిగాయి. చూడముచ్చటగా ఉంది. నెట్ పెడితే 4, 3, 6, మధ్యమధ్యలో ఆగిపోతుంది.

టెస్టర్ బాగుందంటుంది, నెట్ బాగాలేదంటుంది. మళ్ళీ మరిదికి ఫోన్. ప్లగ్గుని కెమెరా దగ్గర పెట్టమన్నాడు. "ఒరే, ఆకుపచ్చ రెంటినీ పక్కపక్కన ఎందుకు పెట్టావురా" అన్నాడు. అసలు వరస ఇదట. తెల్ల నారింజ, నారింజ, తెల్ల ఆకుపచ్చ, నీలం, తెల్ల నీలం, ఆకుపచ్చ, తెల్ల గోధుమ, గోధుమ. ఆకుపచ్చ జంట మధ్యలో నీలం జంట దూరి కూర్చోవాలి. ఎందుకంటే 100 స్పీడ్‌లో పనిచేసేవి 1, 2 పిన్నులు ఒక జంట, 3, 6 పిన్నులు ఇంకో జంట. మెలేసిన రెండు తీగల్లో ఒకే సంకేతం ఎదురెదురుగా పోతేనే బయటి రొద రద్దవుతుంది. మావాడు పేర్చినట్టయితే 3లో ఆకుపచ్చా 6లో నీలమూ పడ్డాయి, అంటే ఒక జంటలో భార్య, ఇంకో జంటలో భర్త. తీగ తెగలేదు కాబట్టి టెస్టర్ లైట్లు వెలుగుతాయి. ఆ టెస్టర్‌కి తెగిందా లేదా అన్నదే తెలుసు, ఎవరితో ఎవరు మెలేసుకున్నారో తెలియదు. రెండు మీటర్ల వైరైతే ఈ తప్పుతోనే బండి నడిచిపోతుందట, పాతిక మీటర్లకి బయటపడింది.

రెండు ప్లగ్గులూ కోసేసి మళ్ళీ బిగించాక పైన 47. ఆ వరసని నేను చీరల అంచుల్లాగా గుర్తుపెట్టుకున్నాను. ఇప్పుడు మా వీధిలో ఎవరికైనా ప్లగ్గు కావాలంటే నా దగ్గరికే వస్తారు, ప్లగ్గుకి ముప్పై రూపాయలు.

రౌటర్‌ని ఎక్కడ పెట్టాలన్నది ఇంకో పంచాయితీ. షాపులోని బీరువాని చూశాక నాకు కాస్త బుద్ధొచ్చింది. ఇనుము అసలు దాటనివ్వదు, అద్దం తిప్పికొడుతుంది, నీళ్ళ ట్యాంకు మింగేస్తుంది. మందపాటి రాతిగోడ 2.4 కంటే 5 గిగాహెర్ట్జ్‌ని ఎక్కువ పీలుస్తుంది. 5లో స్పీడెక్కువ, దూరం తక్కువ. 2.4లో స్పీడు తక్కువ, దూరం ఎక్కువ. కాబట్టి ఎత్తులో, ఇంటికి నడుమ, మెట్లకి ఎదురుగా పెట్టాలి, మెట్ల సందులోంచి పైకి పోవడానికి. ఫోన్ చేతిలో పట్టుకుని ఇల్లంతా తిరిగితే అన్నిటికన్నా బాగా వచ్చిన చోటు నడవలో మా మామగారి ఫొటో వేలాడే గోడ.

అత్తమ్మని అడగాలంటే నాకు ధైర్యం చాలలేదు. మా ఆయన అడిగారు. ఆమె కాసేపు ఫొటో వంక చూసి, "ఆయనకి రేడియో అంటే ప్రాణం. పెట్టుకోండి, దండ తగలకుండా పెట్టండి" అంది. ఫొటో కింద చెక్క పలక కొట్టి పెట్టాం. రోజూ ఫొటో తుడిచే గుడ్డతోనే దాన్నీ తుడుస్తుంది. తడిగుడ్డ వద్దని ఒక్కసారి చెప్పాను, అంతే.

ఇంకా రాత్రిళ్ళు అప్పుడప్పుడు ఆగేది. చిన్నోడు ఫోన్‌లో ఒక యాప్‌తో చూస్తే మా చుట్టుపక్కల పదిహేను వైఫైలు, అందులో తొమ్మిది ఒకే చానల్ మీద, అంటే బ్యాండ్ లోపల ఒకే చిన్న దారిలో. 2.4లో పేరుకి పదమూడు చానళ్ళున్నా ఒకదాని మీద ఒకటి పడకుండా ఉండేవి మూడే, 1, 6, 11. ఈ బ్యాండ్‌ని మన దేశంలో 2005లో లైసెన్సు లేకుండా ఎవరైనా వాడుకోవచ్చన్నారు, అందుకే ఇరుకు. మైక్రోవేవ్ ఓవెన్ కూడా అక్కడే. అందరూ 6లో ఉంటే మేం 11కి మారాం. షాపులో కేబుల్ డబ్బా 1లో. రెండూ ఒకే చానల్‌లో ఉంటే ఒకదానికొకటి అడ్డం. పేరూ పాస్‌వర్డూ మాత్రం రెంటికీ ఒకటే పెట్టాం, షాపులోంచి ఇంట్లోకి వస్తుంటే ఫోన్ తనే షాపుది వదిలి నడవది పట్టుకుంటుంది. మా ఆయన ఫోన్ మాత్రం షాపుదాన్నే పట్టుకుని వేలాడుతుంది, మొండిది.

పాస్‌వర్డ్ దగ్గర నాది కాస్త గట్టి పట్టు. రౌటర్ పేజీలోకి పోయే పాస్‌వర్డ్ అడ్మిన్, అడ్మిన్ అనే ఉంచేస్తారు చాలామంది. వైఫై పాస్‌వర్డ్ ఎంత కష్టమైనది పెట్టుకున్నా, అది తెలిసిన చుట్టం ఎవరైనా లోపలికి పోయి అన్నీ మార్చేయొచ్చు. ముందు అది మార్చాను. తర్వాత వైఫైకి తాళం వేసే పద్ధతి డబ్ల్యూపీఏ2 ఉందో లేదో చూశాను, బటన్ నొక్కితే కలిసిపోయే డబ్ల్యూపీఎస్ ఆపేశాను. షాపుకొచ్చేవాళ్ళు ఫైల్ పంపడానికి వైఫై అడుగుతారు, కాదనలేం. వాళ్ళకి కేబుల్ డబ్బాలో గెస్ట్ అని వేరే పేరు పెట్టాను. అందులో చేరినవాళ్ళకి నెట్ వస్తుంది గానీ నా కంప్యూటర్లు, ప్రింటరు కనిపించవు. నడవలోదాంట్లో కూడా గెస్ట్ పెట్టబోతే మరిది వద్దన్నాడు. అది ఇప్పుడు యాక్సెస్ పాయింట్ కదా, అట్టాంటివాటిలో గెస్ట్ పేరుకే ఉంటుంది, గోడ ఉండదని. ఒకసారి పెద్దమ్మాయి ఫోను పొరపాటున గెస్ట్‌లో చేరి, ప్రింటర్ పోయిందని గోల పెట్టింది.

ప్రింటర్ నిజంగా పోయేది కూడా. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా డబ్బా దానికి కొత్త నంబరు ఇచ్చేది, కంప్యూటర్లు పాత నంబరుకే ప్రింట్లు పంపేవి. కేబుల్ డబ్బా పేజీలో అడ్రస్ రిజర్వేషన్ అని ఉంటుంది, అక్కడ ప్రింటర్‌కి 192.168.1.50 రాసేశాను. ఆర్టీసీ బస్సులో రిజర్వేషన్ సీటులాగే, ఎవరొచ్చినా దానిది దానికే. మా ఆయనకి మొత్తం నెట్‌వర్క్‌లో అర్థమైంది ఇదొక్కటే.

కరెంటు కోతలకి రెండు డబ్బాలకీ చిన్న యూపీఎస్‌లు కొన్నాం. ఇక్కడ ఒక జాగ్రత్త. కేబుల్ డబ్బాకి 12 వోల్టులు, మా రౌటర్‌కి 9. పిన్ను రెంటికీ ఒకటే లావు. అటూ ఇటూ మారితే 9 వోల్టులది కాలిపోవచ్చు. అడాప్టర్ల మీద నెయిల్ పాలిష్‌తో గుర్తులు పెట్టాను, ఎరుపు షాపుది, గులాబీ నడవది. పిడుగులు పడేటప్పుడు మాత్రం రెండూ పీకేస్తాను, పెద్దమ్మాయికి కాల్ ఉన్నా సరే.

కేబుల్ ఆఫీసు అబ్బాయి మొన్న వచ్చి, బిల్లు తీసుకుని, ఇంకా 50 ప్లానేనా అక్కా అన్నాడు. 50యే.

పసుపు కేబుల్ని చుట్టచుట్టి అటక మీద పెట్టాను, అవసరానికి ఉంటుందని. వానలు మొదలయ్యాక చూస్తే లేదు. పెరట్లోకి పోతే అత్తమ్మ దాంతో చిక్కుడు పాదుకి పందిరి కడుతుంది. ఇరవై మీటర్లూ వాడేసింది, ఇంకా ఉందా అని అడిగింది.